కొల్లేటి ఆటలో తుపాకీ

మేం తయారుచేసిన ఆటలో మొదట తుపాకీ లేదు. ఈ మాట ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే తర్వాత ఆ ఆట చూసినవాళ్లెవరూ దీన్ని నమ్మలేదు.

అప్పట్లో ఏలూరు పవర్‌పేటలో ఒక మేడమీద, మా ఇంట్లోనే ముందుగదిలో మా కంపెనీ ఉండేది. కంపెనీ అంటే మా ఆయన, నేను, రెండు కంప్యూటర్లు. ఆయన ఉదయంపూట ఒక ఇన్‌స్టిట్యూట్‌లో డిగ్రీ పిల్లలకు ప్రోగ్రామింగ్ చెప్పేవారు. నేను శుభలేఖలకు, క్రిస్మస్ కార్డులకు బొమ్మలు గీసేదాన్ని. ఊళ్లో వీధికో వీడియో గేమ్స్ పార్లర్ వెలుస్తున్న కాలమది. ఎందులోకి తొంగిచూసినా ఎవరో ఎవర్నో కాలుస్తూ ఉండేవారు, తెర మీద నెత్తురు చిమ్ముతూ ఉండేది. ఒకరోజు మా ఆయన భోజనానికి కూర్చుంటూ, "మనమే ఒక ఆట చేద్దామా? ప్రోగ్రాం నేను రాస్తాను, బొమ్మలు నువ్వు గియ్యి," అన్నారు.

"దేని మీదండీ?"

"కొల్లేరు మీద. పడవ నడిపే ఆట."

మా నాన్నగారు మిషన్ స్కూలు టీచరు. నా చిన్నప్పుడు ఐదేళ్లు కొల్లేటి లంక గ్రామంలో పనిచేశారు. అక్కడ మా పక్కింట్లో ఉండే పడవాయన్ని వెతుక్కుంటూ మేమిద్దరం బస్సెక్కాం. ఆయనకు అప్పటికే అరవై దాటాయి. చుట్టూ చేపల చెరువులు తవ్వేసినా, మిగిలిన నీళ్లలో ఇంకా తాటిదోనె వేసుకుని, గెడతో తోసుకుంటూ చేపలకు వెళ్తున్నారు. నన్ను చూసి గుర్తుపట్టడానికి కాసేపు పట్టింది. గుర్తుపట్టాక, "మాస్టారి అమ్మాయా," అని భుజం మీద కండువా తీసి అరుగు తుడిచారు.

మూడు శనివారాలు ఆయన మమ్మల్ని దోనెలో తిప్పారు. మా ఆట మొత్తం ఆయన చెప్పిన ఒక్క మాట మీద నిలబడింది. కొల్లేట్లో ఎక్కడ లోతుందో, ఎక్కడ దోనె బురదలో కూరుకుపోతుందో పైకి తెలియదు. పిట్టల్ని చూసి తెలుసుకోవాలి.

"నత్తగుల్లకొంగ నిలబడిందంటే అక్కడ మోకాల్లోతేనమ్మా. నీటికాకి మునిగిందంటే గెడ అందదు. గూడబాతులు వరసగా ఈదుతున్నాయనుకోండి, ఆటి ఎనకాలే ఎల్లిపోవచ్చు. పిట్టని బెదరగొట్టారా, మీ దారి మీరే చెరుపుకున్నట్టు."

ఇదే మా ఆట అయింది. పొద్దున్నే పొగమంచులో బయల్దేరిన దోనె చేపలు పట్టుకుని ఇంటికి చేరాలి. పిట్టలే దారి. మరీ దగ్గరగా వెళితే ఎగిరిపోతాయి. ఎగిరిపోతే ముందున్న నీళ్లు గుడ్డినీళ్లయిపోతాయి.

ఆయన కేక కూడా తీసుకున్నాం. కిక్కిసగడ్డి మనిషిని మించి పెరిగిన చోట కాలవ ఒక్క దోనెకే సరిపోతుంది. ఎదురొచ్చే దోనె కనపడదు. అందుకని మలుపు దగ్గర "హో... దారీ..." అని సాగదీసి అరుస్తారు. అవతల ఎవరైనా ఉంటే బదులు పలుకుతారు. ఆయన దాన్ని వాళ్ల నాన్న దగ్గర నేర్చుకున్నారట. మా ఆయన మైకు పట్టుకుంటే, పడవాయన సిగ్గుపడి నీళ్ల వైపు తిరిగి అరిచారు.

"నా గొంతు దేనికండీ మీకు?" అని అడిగారు తర్వాత.

"ఆట ఆడే పిల్లలకి దారి చెప్పడానికండీ," అన్నాను నేను.

ఆ మాట అన్నది నేనే.

ఏడాది పట్టింది. ఆట పూర్తయ్యాక దాన్ని ఏం చేయాలో మాకు తెలియలేదు. సీడీలు వేయించడం, పెట్టెలు అచ్చువేయించడం, షాపులకు చేర్చడం మా ఇద్దరివల్ల అయ్యే పని కాదు. అప్పుడు మా ఆట సంగతి ఎవరో చెప్పగా విని, తాడేపల్లిగూడెం నుంచి ఒకాయన మా మెట్లెక్కి వచ్చారు.

గూడెంలో ఆయనకు ఒక పార్లర్, దాని మీద అంతస్తులో గేమ్స్ కంపెనీ ఉన్నాయి. బయటివాళ్ల ఆటలు తెచ్చి సీడీలేసి రెండు గోదావరి జిల్లాల్లో అమ్మేవారు. తెల్లచొక్కా, నుదుటి మీద చిన్న బొట్టు, మెత్తటి గొంతు. చెప్పులు గది బయట కాదు, మెట్ల కిందే విడిచి వచ్చారు. మా అత్తగారు మంచినీళ్లిస్తే లేచి నిలబడి రెండు చేతుల్తో అందుకున్నారు. ఆట చూస్తున్నంతసేపూ "ఎంత బాగుందండీ, ఎంత ఓపికండీ మీకు" అంటూనే ఉన్నారు. ఆయన వెళ్లాక మా అత్తగారు, "మనిషంటే అలా ఉండాలి," అన్నారు. నాకూ అలాగే అనిపించింది.

రెండు కంపెనీలూ కలిసి ఆట విడుదల చేసేటట్టు ఒప్పందం. తయారీ మాది, అమ్మకం వాళ్లది. సంతకాలకు గూడెం వెళ్లాం. ఆయన ఆఫీసు పక్కనే ఉల్లిపాయల గోడౌన్లు. కుళ్లిన ఉల్లిపాయల కంపు కిటికీలోంచి వచ్చి గది నిండా ఉంది. ఆయనకు అలవాటైపోయినట్టుంది, అగరొత్తి కూడా వెలిగించలేదు. కాగితాలు ఇంగ్లీషులో ఉన్నాయి. మా ఆయన చివరి పేజీ తిప్పి సంతకం చేశారు. నేను మాత్రం మొత్తం చదివాను. నాలుగో పేజీలో, మార్కెట్‌కు అవసరమైన మార్పులు రెండో పక్షం, అంటే వాళ్లు, చేసుకోవచ్చునని ఉంది. చదివాను, అర్థమైంది, అడగలేదు. అంత మర్యాదగల మనిషిని అనుమానించినట్టు ఉంటుందని ఊరుకున్నాను. మా దగ్గరున్న బొమ్మలు, ప్రోగ్రాం, ఆ గొంతు, అన్నీ సీడీల్లోకి ఎక్కించి, ఒక డబ్బాలో పెట్టి ఆయన చేతికిచ్చి వచ్చాం.

పదిరోజుల తర్వాత ఫోన్ చేశారు.

"అమ్మా, మీ పిట్టలు ఎగరడం ఉంది, ఈదడం ఉంది. కిందకి పడేటట్టు ఒక ఆరు బొమ్మలు గీసి పంపిస్తారా?"

"పడడం ఎందుకండీ?"

"అలిసిపోయి నీళ్లలో వాలినట్టండీ. ఊరికే, ఉంటే బాగుంటుందని."

అలిసిపోయిన పిట్ట ఎలా వాలుతుందో నాకు తెలుసు. మూడు శనివారాలు చూశాను. కాళ్లు ముందుకు చాపి, రెక్కలు వెనక్కి పట్టి, మెడ నిటారుగా ఉంచి వాలుతుంది. ఆయన అడిగింది అది కాదు. మెడ వాలిపోవాలన్నారు, ఒక రెక్క విరిగినట్టు మడత పడాలన్నారు. చివరి బొమ్మలో కళ్లు మూసుకుంటే ఇంకా బాగుంటుందన్నారు. నేను గీశాను. చెరువుల గట్ల దగ్గర వలల్లో చిక్కుకుని చచ్చిపోయిన నీటికాకుల్ని చూసి ఉన్నాను కాబట్టి ఆ మెడ ఎలా వాలుతుందో జ్ఞాపకం తెచ్చుకుని మరీ గీశాను. పొద్దుట మొదలుపెట్టి సాయంత్రానికి ముగించాను. బాగా వచ్చినందుకు సంతోషం కూడా వేసింది. మా ఆయనకు చూపించకుండా పంపించేశాను.

విడుదల అని పిలిస్తే ఒక శనివారం మధ్యాహ్నం గూడెం వెళ్లాం. పార్లర్ గుమ్మంలోనే సీడీ పెట్టెలు పేర్చి ఉన్నాయి. అట్ట మీద నా కొల్లేరే ఉంది, నా పొగమంచే ఉంది. దోనెలో కుర్రాడొకడు నల్లకళ్లద్దాలు పెట్టుకుని, భుజం మీద తుపాకీతో నిలబడి ఉన్నాడు. ఆ కుర్రాణ్ణి ఎవరు గీశారో నాకు తెలియదు. లోపల కాలేజీ కుర్రాళ్లు నాలుగు కంప్యూటర్ల ముందు కూర్చుని ఆడుతున్నారు. తుపాకీ గురి గుర్తు నీళ్ల మీద తిరిగింది. చప్పుడయింది. గూడబాతు మెడ వాల్చింది, రెక్క మడతపడింది, కళ్లు మూసుకుంది. ఆరు బొమ్మలూ నావే.

పిట్ట నీళ్లలో పడగానే స్పీకర్లోంచి కీచుమని ఒక నవ్వులాంటిది వినిపించింది. ముందు పోల్చుకోలేదు. రెండోసారి విన్నప్పుడు మా ఆయన నా చెయ్యి పట్టుకున్నారు. అది పడవాయన కేక. వేగం పెంచి, ఎలక కూతలాగా సన్నగా చేసి, ప్రతి పిట్ట చావుకీ ఒకసారి వచ్చేటట్టు పెట్టారు. అది వచ్చినప్పుడల్లా కుర్రాళ్లు నవ్వుతున్నారు.

గూడెం ఆయన మమ్మల్ని పైకి తీసుకెళ్లి బాదంపాలు తెప్పించారు.

"ఇదేంటండీ?" అన్నారు మా ఆయన.

"అదేనండీ, మనదే. కొంచెం మార్చామంతే."

"పిట్టల్ని చంపడమేంటండీ? పిట్టలు చచ్చిపోతే ఆటేముంది?"

"మీ ఆట చాలా మంచిదండీ, నేను కాదనట్లేదు. కానీ పిట్టల్ని బెదరగొట్టకుండా పడవ తోసుకుంటూ పోతే ఎవరాడతారు, చెప్పండి? హైదరాబాదులో ఒక కంపెనీ మనతో కలుస్తానంది. తుపాకీ ఉంటేనే తీసుకుంటామన్నారు. నా చేతుల్లో ఏముందండీ?"

"నాకు ఒక్కమాట చెప్పి ఉండాల్సింది," అన్నాను.

ఆయన నా వైపు తిరిగారు. ఆ కళ్లలో ఎగతాళి ఏమీ లేదు. నిజంగానే ఆశ్చర్యపోయారు.

"అదేంటమ్మా, పడే బొమ్మలు మీరే గీశారు కదా. కళ్లు మూసుకునేది కూడాను. మీకు తెలుసనే అనుకున్నాను."

మా ఆయన నా వైపు చూశారు. బాదంపాలు నోట్లో ఉన్నాయి, దిగలేదు. కిటికీలోంచి ఉల్లిపాయల కంపు వస్తోంది. లేచి, వరండా చివరికి వెళ్లి ఊసేశాను. ఆ మనిషి వెనకాలే వచ్చి, "మంచినీళ్లు తెప్పించమంటారా అమ్మా?" అని అడిగాడు. అసహ్యం అనే మాటను అంతకుముందు చాలాసార్లు వాడాను కానీ, అది నాలుక మీద ఉంటుందని ఆ రోజే తెలిసింది.

తిరుగు బస్సులో మా ఆయన నన్ను ఒక్కటే అడిగారు. "ఆ బొమ్మలు గీసినట్టు నాకెందుకు చెప్పలేదు?" చెబితే ఎందుకు గీశావని అడుగుతారని తెలుసు. అందుకే చెప్పలేదు. మేమిద్దరం వారం రోజులు ఉప్పు, పప్పు మాటలు తప్ప మాట్లాడుకోలేదు.

ఏలూరులో మాకు తెలిసిన వకీలుగారు కాగితం చదివి, "ఇందులో మీరు అడగడానికేమీ లేదండీ," అన్నారు. మా కంపెనీ పేరైనా తీసేయమని గూడెం ఉత్తరం రాశాం. పేరు తీసేశారు. అంత వేగంగా తీసేస్తారని అనుకోలేదు. గొంతు కూడా తీసేయమంటే, అది మాత్రం తీయలేమన్నారు. అది ఎవరి గొంతో ఎవరికి తెలుస్తుందండీ, అన్నారు ఫోన్లో.

అప్పట్లోనే కొల్లేట్లో చేపల చెరువుల గట్లను ప్రభుత్వం వాళ్లు తెగ్గొడుతున్నారు. ఆక్రమణలంటూ ఒకళ్లు, మా బతుకులంటూ ఒకళ్లు. పడవాయన కొడుకు వాటా ఉన్న చెరువు కూడా అందులో పోయింది. ఆ పని మీద ఏదో ఆఫీసుకు అర్జీ ఇవ్వడానికి ఏలూరు వచ్చి, ఆయన ఒక మధ్యాహ్నం మా మెట్లెక్కారు. ఉతికిన చొక్కా, చేతిలో కొరమేను ఉన్న సంచి.

"ఆట అయిపోయిందామ్మా? చూద్దామని వచ్చాను."

నేను మాట్లాడేలోపే మా ఆయన కుర్చీ లాగి కూర్చోబెట్టారు. పాత ఆట, మా ఆట తెరిచారు. నేను అడ్డు చెప్పలేదు. పొగమంచు వచ్చింది, దోనె వచ్చింది. కిక్కిసలో మలుపు దగ్గర "హో... దారీ..." అని వినపడగానే ఆయన వెనక్కి తిరిగి చూశారు. తర్వాత తన గొంతేనని తెలుసుకుని చేత్తో నోరు మూసుకున్నారు. మా ఆయన దోనెను ఇంటికి చేర్చేదాకా కదలకుండా చూశారు. "ఇక్కడ కొంచెం ఎడంగా తోలాలండి," అని ఒక్కచోట మాత్రం అన్నారు.

అలాగే పంపించేస్తే ఆయన సంతోషంగా వెళ్లిపోయేవారు. నేనూ అదే అనుకున్నాను, మా ఆయనా అదే అనుకున్నారని మొహం చూస్తే తెలిసింది. పడవాయన లేస్తూ అన్నారు: "బజార్లో దొరుకుద్దా అమ్మా ఇది? మా మనవరాలు కైకలూరులో కంప్యూటర్ నేర్చుకుంటంది. దానికి చెబుతాను, తాత గొంతని."

అప్పుడిక చెప్పక తప్పలేదు. బజార్లో దొరికేది ఇది కాదండీ, అన్నాను. అందులో ఏముందో చెప్పాను. ఆరు బొమ్మల సంగతి తప్ప అంతా చెప్పాను.

"చూపించండి," అన్నారు.

మా ఆయన గూడెం సీడీ పెట్టారు. మూడు పిట్టలు పడ్డాయి. మూడుసార్లు ఆ కీచు కేక వినిపించింది. ఆయన చెయ్యెత్తి ఆపమన్నారు.

"పిట్టలు లేకపోతే దోనె ఇంటికెలా ఎల్లుద్దండీ?"

"ఇందులో ఇంటికి వెళ్లడం లేదండీ," అన్నారు మా ఆయన. "ఎన్ని పిట్టలు పడ్డాయో లెక్క, అంతే."

పడవాయన కండువాతో మూతి తుడుచుకున్నారు. ఏమీ తినలేదు, తాగలేదు, అయినా రెండుసార్లు గట్టిగా తుడుచుకున్నారు. "ఆ బాబుగారి దగ్గరికి తీసుకెళ్లండి నన్ను," అన్నారు.

మర్నాడు ముగ్గురం గూడెం వెళ్లాం. కిందే పార్లర్లో గూడెం ఆయన ఎదురొచ్చి నమస్కారం పెట్టారు. కుర్చీ వేయించారు. పడవాయన కూర్చోలేదు.

"ఆ ఆటలో కేక నాదండి. తీసేయండి."

"అయ్యో, కూర్చోండి పెద్దాయనా. ఏ కేకండీ?"

"పిట్ట పడ్డప్పుడు వచ్చేది."

"అది కంప్యూటర్లో చేసిందండీ. మీదేనని ఎలాగంటారు? మీ గొంతు ఇంత గంభీరంగా ఉంది, అది చూడండి ఎలా ఉందో." నవ్వుతూనే అన్నారు, చాలా మెల్లగా.

పడవాయన మమ్మల్ని చూశారు. తర్వాత గోడ వైపు తిరిగి, ఆ పార్లర్ మధ్యలో నిలబడి, కేక వేశారు. కొల్లేట్లో వేసినంత గట్టిగా, అంతే నిడివిగా. కీబోర్డుల చప్పుడు ఆగిపోయింది. ఆడుతున్నవాళ్లంతా తిరిగి చూశారు. వీధిలో బస్తాలు దించుతున్న మనిషి ఒకతను గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. ఎవరూ నవ్వలేదు.

గూడెం ఆయన కళ్లు మెరిశాయి.

"అబ్బ, ఎంత బాగుందండీ," అన్నారు. "మా దగ్గరున్న రికార్డింగు ఇంత శుభ్రంగా లేదు. ఒక్క పదినిమిషాలు పైకి రండి పెద్దాయనా, ఇదే ఇంకోసారి చెప్పించుకుంటాం. రెండో ఆటలో వాడుకుందాం."

మా ఆయన గూడెం ఆయన చొక్కా పట్టుకోబోయారు. పడవాయనే ఆపారు. "రండి, పోదాం," అని ముందు నడిచారు. బస్టాండులో కొళాయి దగ్గర ఆయన నోరు పుక్కిలించి ఊశారు. వరండా చివర నేను ఊసినట్టే.

తర్వాత సంగతులు తొందరగానే జరిగాయి. హైదరాబాద్ కంపెనీ ఆట మొత్తం తీసుకుని తన పేరుతో వేసుకుంది. గూడెం ఆయన పేరు అట్ట మీద లేదు. ఆయన సీడీలు షాపుల్లోంచి వెనక్కొచ్చాయి. ఒక సాయంత్రం మళ్లీ మా మెట్లెక్కారు. చెప్పులు ఈసారీ కిందే విడిచారు.

"చూశారా అమ్మా, వాళ్లెంత మోసం చేశారో. మన కష్టమంతా దోచుకున్నారు. మనం మనం ఒకటి కదండీ. మీరూ నేనూ కలిసి కేసు వేద్దాం. బొమ్మలు మీవని మీరు చెబితే చాలు."

ఆయన నిజంగా బాధపడుతున్నారు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. అవి అబద్ధపు నీళ్లయితే నాకు సులువుగా ఉండేది. తనకు జరిగినదానికీ తను చేసినదానికీ ఏ పోలికా ఆయనకు కనపడలేదు. కలిసి పనిచేద్దామని వచ్చిన మనిషి గుమ్మంలో నిలబడి ఏడుస్తుంటే, మెట్ల మీద నడుస్తున్న బొద్దింకను చూసినట్టు చూశాను. మంచినీళ్లు కూడా ఇవ్వలేదు. మా అత్తగారు లోపల్నుంచి లేచి రాబోతే చేత్తో వద్దన్నాను.

"ఆ బొమ్మలు నావని ఎక్కడా చెప్పనండీ," అన్నాను.

ఆయన నమస్కారం పెట్టి వెళ్లిపోయారు. తర్వాత పార్లర్ తీసేసి అత్తిలి వైపు ఏదో వ్యాపారం పెట్టుకున్నారని విన్నాను. మేం కూడా ముందుగదిలో కంపెనీ ఎత్తేశాం. మా ఆయన పూర్తిగా ఇన్‌స్టిట్యూట్‌కే అంకితమయ్యారు. నేను పెదపాడులో ఒక స్కూల్లో డ్రాయింగ్ టీచరుగా చేరాను.

రెండేళ్ల తర్వాత ఒక ఆదివారం చర్చి అయిపోయాక ఒక్కదాన్నే లంక గ్రామం వెళ్లాను. పడవాయన ఇంటి ముందు వల బాగుచేసుకుంటున్నారు. కూర్చోమన్నారు. చెరువు పోయాక కొడుకు కూలికి వెళ్తున్నాడని చెప్పారు. మనవరాలు టైపింగు పాసైందని చెప్పారు. అప్పుడు నేను చెప్పాను.

"ఆ పడిపోయే పిట్టల బొమ్మలు నేనే గీశానండీ. వాళ్లు అడిగారు, గీసిచ్చాను."

ఆయన చేతిలో సూది ఆగలేదు.

"తెలుసమ్మా. ఆ రోజు మీ ఇంట్లోనే తెలిసింది. పడే పిట్టల మెడలూ మీరు గీసినట్టే ఉన్నాయి."

"మరి నన్నెందుకు అడగలేదండీ?"

"మాస్టారి అమ్మాయిని ఏమని అడుగుతాను?"

ఆ గొంతులో కోపం లేదు. క్షమించినట్టు కూడా ఏమీ లేదు. ఉన్న సంగతి చెప్పారంతే. కాసేపటికి వాళ్ల కోడలు బయటికొచ్చి అన్నం తినమని పిలిచింది. తినే వచ్చానని అబద్ధం చెప్పాను. ఆవిడ ఇంకోసారి అడగబోతే పడవాయన, "బలవంతపెట్టకమ్మా," అన్నారు. నేను లేచి చెప్పులు వేసుకుని, బస్సు కోసం గట్టు మీదికి నడిచాను.